నీళ్లు తేటగా ఉన్నాయి, చేపల్ని వేసెయ్యొచ్చా?

ప్రశ్న: పగడాలు పెంచాలన్న ఆశతో మొదటిసారి ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. 200 లీటర్ల ట్యాంకు. ఇసుక, ఎండు రాళ్లు పేర్చి, ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి నింపి పది రోజులైంది. నీళ్లు తేటగా ఉన్నాయి. క్లౌన్‌ఫిష్ జంటను, వాటికి తోడుగా సీ ఎనిమోన్‌ను (పువ్వులా కనిపించే సముద్రజీవి) తెచ్చుకోవచ్చా? రోజూ రెండు లీటర్ల దాకా నీళ్లు తగ్గుతుంటే మళ్లీ ఉప్పునీళ్లే పోస్తున్నాను. ఇసుక మీద గోధుమరంగు పొర కూడా కడుతోంది.

జవాబు: ముందు ఆ ఉప్పునీళ్లు పోయడం ఆపండి. ఆవిరైపోయేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. లెక్క చూడండి: లీటరుకు 35 గ్రాముల చొప్పున మీ ట్యాంకులో ఏడు కిలోల ఉప్పుంది. మీరు రోజూ 70 గ్రాములు అదనంగా వేస్తున్నారు. పది రోజులకు 700 గ్రాములు, అంటే 35 ఉండాల్సింది 38 దాటిపోయింది. కొంత నీరు తోడేసి, ఉత్త ఆర్వో నీళ్లు పోసి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తూ 35కి దించండి. లోపల ప్రాణులేవీ లేవు కనక ఒకేసారి దించినా ఫరవాలేదు. ఆపైన అద్దం మీద మార్కర్‌తో ఒక గీత గీసి, తగ్గినప్పుడల్లా ఉప్పు కలపని ఆర్వో నీళ్లే ఆ గీత దాకా పోయండి.

ఇక చేపలు. తేటదనం చూసి మోసపోకండి, చేపలకు విషమైన అమ్మోనియాకు రంగుండదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అవి రాళ్ల మీద స్థిరపడాలంటే మేత కావాలి. మీరేమో మేతగా ఏదీ వేసినట్టు రాయలేదు. వెయ్యకపోతే ఈ పది రోజులూ లెక్కలోకి రావు! సీసాలో దొరికే అమ్మోనియం క్లోరైడ్‌ను, అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వెయ్యండి. సీసా బ్యాక్టీరియా కూడా వేస్తే కాస్త తొందరగా అవుతుంది. వేసిన ఆ 2 పీపీఎం ఒక్క రోజులో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే అప్పుడు చేపలు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఎండు రాళ్లతో ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు.

గోధుమ పొర డయాటమ్‌లనే సూక్ష్మ నాచుది. దానికి మందులేమీ వద్దు, దానంతటదే పోతుంది. పోకపోతే మీ ఆర్వో నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) చూడండి. తాగడానికి ఖనిజాలు కలిపి వదిలే ఆర్వో ఈ పనికి పనికిరాదు.

ఎనిమోన్ మాట కనీసం ఆరు నెలల దాకా ఎత్తొద్దు. అది ఉన్నచోట ఉండదు, నడుచుకుంటూ పోయి పంపులో చిక్కి ముక్కలైతే ట్యాంకంతా పాడవుతుంది. క్లౌన్‌ఫిష్‌కు అది లేకపోయినా నడుస్తుంది. నా జంట రాత్రిళ్లు పంపు వెనక మూలలోనే పడుకుంటుంది. కొనేటప్పుడు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండూ పిల్లలే చూసుకోండి. అన్నీ మగవిగానే ఎదుగుతాయి, పెద్దది తర్వాత ఆడదవుతుంది. రెండు పెద్ద ఆడవాటిని తెచ్చారో, కొట్టుకు చస్తాయి.