కొత్తగా టీచరై బడికి పోతున్న మేనకోడలికి

బిడ్డా,

అచ్చంపేట దగ్గరి బడిలో చేరి నెల దాటింది కదా. మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా తలలోనే తిరుగుతున్నది. "మామా, క్లాసులో అందరూ చెప్తున్నారు, నాలుగు రోజులాగి అడిగితే ఒక్కరూ నోరు విప్పరు" అన్నావు.

దేవరకొండ దిక్కు పదో తరగతికి లెక్కలు చెప్పినన్నాళ్లూ ఈ బాధ నేనూ పడ్డాను. క్షేత్రమితి పాఠం సోమవారం స్థూపం, మంగళవారం శంకువు, బుధవారం గోళం అని నడిపేవాణ్ణి. రోజుకు పది లెక్కలు. పిల్లలు టకటకా చేసేవాళ్లు, నేను మీసం తిప్పేవాణ్ణి. తీరా పరీక్షలో అర్ధగోళం మీద శంకువు కూర్చున్న బొమ్మ ఇస్తే సగం మందికి పెన్ను కదల్లేదు. పిల్లల్ని తిట్టాను కూడా. తప్పు నాదే. శంకువు రోజున శంకువు సూత్రమే వాడాలని వాళ్లకు ముందే తెలుసు. ఏ లెక్కకు ఏ సూత్రమో ఎంచుకునే పని నేనెన్నడూ వాళ్లకు పెట్టలేదు.

రిటైరయ్యాక తీరిగ్గా చదివితే తెలిసింది, అమెరికాలో రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఇదే రాసిపెట్టారని. వాళ్లు కాలేజీ పిల్లలకు ఇచ్చినవీ ఘనపరిమాణం లెక్కలే. ఒక్కో రకం వరుసగా చేసినవాళ్లకు సాధనలో 89 శాతం వచ్చాయి, కలగలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్ష పెడితే కలిపి చేసినవాళ్లకు 63, వరుసగా చేసినవాళ్లకు 20! అందుకని క్లాసులో కనబడే హుషారును నమ్మకు. హోంవర్క్‌లో కొత్త లెక్కలు నాలుగిస్తే పాతవి రెండు మధ్యలో దూర్చు. అయితే పాఠం మొదలెట్టిన రోజే కలపకు. ఆ రోజు బోర్డు మీద రెండు మూడు లెక్కలు నువ్వే మెట్టుమెట్టుగా చేసి చూపించు.

రోజూ మొదటి ఐదు నిమిషాలు ఇట్లా చెయ్యి. హాజరు వేశాక పుస్తకాలు మూయించు. సగం కాగితం చింపమను. నిన్నటిదొకటి, పోయిన వారానిదొకటి, పోయిన నెలదొకటి, మూడే ప్రశ్నలు. చేతులెత్తమనకు. ఎత్తేది ఎప్పుడూ ముందు బెంచీవాళ్లే. అందరూ రాయాలి. వెంటనే జవాబులు బోర్డు మీద వెయ్యి, వాళ్ల తప్పులు వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు వద్దు, రిజిస్టర్‌లో ఎక్కించవద్దు. దాన్ని స్లిప్ టెస్ట్ అని మాత్రం పిలవకు, ఆ పేరు వింటేనే కొందరికి కడుపునొప్పి మొదలవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పత్తి ఏరే రోజుల్లో బడి మానేసిన పిల్లకు, తాను పోగొట్టుకున్న పాఠం వారానికో, నెలకో మళ్లీ ఎదురొస్తుంది.

మొదట్లో ఖాళీ చీటీలే వస్తాయి. టెన్షన్ పడకు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసం ఇచ్చి కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చదివింది మూసి గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలకు అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారానికి అడిగితే రాసినవాళ్లు ముందుకొచ్చారు. గైడుకు ఎర్ర గీతలు కొట్టి అదే పేజీ పదిసార్లు తిప్పే పిల్లలు నీ క్లాసులోనూ ఉంటారు. చదివింది కళ్లకు అలవాటైతే వచ్చేసిందనుకుంటారు పాపం.

మీ అమ్మమ్మకు ఈ పరిశోధనలేవీ తెలియవు, అక్షరమ్ముక్క రాదు. అయినా రాత్రి జొన్నరొట్టెలు కొడుతూ "ఇయ్యాల సార్ ఏం చెప్పిండు, నాకు చెప్పు" అనేది. నేను తడబడితే రొట్టె పెనం మీదేసి, అది కాలేదాకా నా మొహంలోకి చూస్తూ ఆగేది. తను నోరెత్తేది కాదు. ఆ ఆగడమే నువ్వు నేర్చుకోవాలి. ప్రశ్న అడిగి రెండు సెకన్లలో జవాబు మనమే చెప్పేస్తాం, మన రోగం అది.

దసరాకు మీ అమ్మతో వచ్చేటప్పుడు ఆ చీటీలు ఓ కట్ట పట్టుకురా. అన్నీ కరెక్టున్నవి అక్కర్లేదు, తప్పులున్నవే తే. కూర్చుని చూద్దాం.

మీ మామ