ఏటా ఏసీలో గ్యాస్ నింపించుకుంటూ కాంట్రాక్టు కూడా తీసుకోవాలా?

ప్రశ్న: మా ఇంట్లో ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు రెండున్నాయి. ఒకటి ఆరేళ్ల నాటిది, మామూలు రకం. రెండోది మూడేళ్ల కిందట కొన్న ఇన్వర్టర్. ఏడాదిలో నాలుగు నెలలు వాడతాం. పాత దాంట్లో గ్యాస్ తగ్గిందంటూ మెకానిక్ రెండేళ్లుగా వచ్చినప్పుడల్లా నింపుతున్నాడు. ఈసారి రెండింటికీ కలిపి ఏడాది కాంట్రాక్టు తీసుకుంటే నాలుగు సర్వీసులు, గ్యాస్ అందులోనే వచ్చేస్తాయంటున్నాడు. దాని ధర విడిగా చేయించుకునే ఒక సర్వీసుకు ఏడు రెట్లు. తీసుకోవచ్చా? ఏసీల కోసం ఏటా ఎంత పక్కన పెట్టుకోవాలి?

జవాబు: తీసుకోకండి. ముందు ఆ పాత ఏసీలో లీకు ఎక్కడుందో పట్టించండి. మీ లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఏసీలో గ్యాస్ అనేది బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. సీలు చేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. లీకు మూయకుండా మళ్లీ నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. మీరు రెండేళ్లుగా డబ్బులు కడుతున్నది ఆ చిల్లుకు.

అసలు గ్యాస్ తగ్గిందో లేదో కూడా ముందు తేల్చుకోవాలి. ఫిల్టరూ, గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల చుట్ట (కాయిల్) దుమ్ము పట్టి ఉంటే గాలి సరిగా ఆడదు, కాయిల్ మరీ చల్లబడిపోతుంది, గేజిలో ప్రెషర్ తక్కువ చూపిస్తుంది. చూసేవాడికి అది అచ్చం గ్యాస్ తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే వచ్చీ రాగానే గేజి తగిలించి ‘గ్యాస్ లేదండీ’ అనే మాటను నమ్మకండి. ముందు శుభ్రం చేయించి, పావుగంట నడిపి, అప్పుడు కొలవమనండి. మీరే ఒక థర్మామీటర్ తీసుకుని లోపలి యూనిట్ పైన గాలి పీల్చుకునే చోట ఒకసారి, చల్లగాలి వచ్చే చోట ఒకసారి చూడండి. రెండింటి మధ్య తేడా 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఉంటే గ్యాస్ గురించి కంగారు పడాల్సిన పని దాదాపు లేదు. గదిలో తేమ బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఈ తేడా కొంచెం తగ్గుతుంది.

నిజంగానే తగ్గి ఉంటే లీకు చాలాసార్లు ఫ్లేర్ నట్ల దగ్గర, అంటే అవుట్‌డోర్ యూనిట్ పక్కన రాగి పైపులు బిగించే ఇత్తడి నట్ల దగ్గర దొరుకుతుంది. గ్యాస్‌తో పాటు దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని నూనె కూడా కొద్దికొద్దిగా చెమరుస్తుంది కాబట్టి నట్టు చుట్టూ జిడ్డుగా, దానికి దుమ్మంటుకుని నల్లటి వలయంలా కనబడుతుంది. సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయి. అక్కడ దొరకకపోతే సిస్టమ్‌లో పొడి నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడాలి. లీకు సరిచేశాక వాక్యూమ్ పంపు పెట్టి గాలినీ తేమనూ లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్, అదీ తూకం వేసి. ఎంత పట్టాలో అవుట్‌డోర్ యూనిట్ మీది స్టిక్కర్‌పైన ఉంటుంది. పైపు మామూలు కన్నా పొడవుగా ఉంటే మీటరుకు ఇన్ని గ్రాములు అదనమని ఇన్‌స్టలేషన్ పుస్తకంలో రాసి ఉంటుంది. వాక్యూమ్ మానేసి కాస్త గ్యాస్ వదిలి గాలిని బయటికి తోసేసేవాళ్లున్నారు. ఇప్పటి గ్యాస్‌లకు వాడే నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఆ తేమ యాసిడ్‌గా మారి కంప్రెసర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. అరగంట ఆదా చేసినందుకు మీరు కంప్రెసర్ ఖర్చు కడతారు.

కాబట్టి బిల్లు అడిగేటప్పుడు ‘గ్యాస్ ఛార్జింగ్’ అని ఒక్క గీతలో రాయనివ్వకండి. లీకు వెతికినందుకు, అతికినందుకు, వాక్యూమ్‌కు, గ్యాస్‌కు ఎన్ని గ్రాములకు ఎంత అని విడివిడిగా రాయించండి. ఇలా రాసి ఇవ్వనన్న వాడి దగ్గర చౌకగా వస్తుందన్నా చేయించకండి.

ఇక కాంట్రాక్టు లెక్క. ఏడు రెట్లలో నాలుగు సర్వీసులకు నాలుగు పోతే, మిగిలిన మూడు గ్యాస్ కోసం కట్టేది. లీకు ఒక్కసారి మూసుకుంటే ఆ మూడూ వచ్చే ఏడాది నుంచి అక్కర్లేదు. నిజానికి నాలుగు నెలలే వాడే మీకు నాలుగు సర్వీసులు కూడా ఎక్కువే. సీజన్‌కు ముందు రెండింటికీ చెరొక పూర్తి సర్వీసు, బాగా వాడే గది ఏసీకి మధ్యలో ఇంకొకటి. మూడు చాలు. ఏడుకీ మూడుకీ మధ్య ఉన్న నాలుగు రెట్లు మీ చేతిలో ఉంటే, ఏ ఏడాదైనా కెపాసిటరో ఫ్యాన్ మోటారో పోతే అందులోంచే కట్టుకోవచ్చు. కాంట్రాక్టు పత్రంలో మినహాయింపుల పేరా కూడా చదవండి. పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు), కాయిల్, కంప్రెసర్‌లకు కాంట్రాక్టు వర్తించకపోతే ఖరీదైనవన్నీ మీ నెత్తినే ఉన్నట్టు.

పూర్తి సర్వీసంటే ఫిల్టర్ దులిపి వెళ్లడం కాదు. లోపలి యూనిట్‌కు కవరు కట్టి, పీసీబీ తడవకుండా కప్పి, కాయిల్‌నూ బ్లోయర్‌నూ నీళ్ల పంపుతో కడగాలి. బ్లోయర్ రెక్కల మధ్య పేరుకున్న నల్లటి బూజు పోవాలి. డ్రెయిన్ ట్రే, పైపు కడిగి ఒక మగ్గు నీళ్లు పోసి అవి బయటికి పోతున్నాయో లేదో మీ ముందే చూపించాలి, గోడ మీద నీళ్లు కారడానికి ఎక్కువసార్లు కారణం అదే. అవుట్‌డోర్ కాయిల్‌ను దాని పల్చటి రేకులు (ఫిన్స్) వంగకుండా కడగాలి. ఘాటైన యాసిడ్ కెమికల్ వాడనివ్వద్దు, అల్యూమినియం ఫిన్స్ తినేస్తుంది. వైర్ల స్క్రూలు బిగించి, కరెంటు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో రాసిపెట్టాలి. మీ పాత ఏసీకైతే కెపాసిటర్ కూడా కొలవాలి. దాని మీద 35 మైక్రోఫారాడ్లు, 5 శాతం అటూఇటూ అని ఉంటే 33.25 కన్నా తగ్గిందంటే మార్చాలి. చిన్న సామానే గానీ, బలహీనపడితే కంప్రెసర్ స్టార్టవడానికి తంటాలు పడి వేడెక్కిపోతుంది. ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్‌కు ఇలాంటి కెపాసిటర్ ఉండదు. దాని బిల్లులో ‘కంప్రెసర్ కెపాసిటర్ మార్పు’ అని కనిపిస్తే గట్టిగా అడగండి.

సర్వీసు చేయిస్తే కరెంటు బిల్లులోనే ఖర్చు తిరిగొచ్చేస్తుందని చెబుతుంటారు. లెక్క వేద్దాం. మీ పాత ఏసీ నడిచేటప్పుడు గంటకు సుమారు 1.5 యూనిట్లు. రోజుకు 8 గంటలు ఆన్‌లో ఉండి, కంప్రెసర్ అందులో 60 శాతం తిరిగిందనుకుంటే 7.2 యూనిట్లు. 120 రోజులకు 864. దుమ్ము వల్ల 10 శాతం వృథా అనుకున్నా 86 యూనిట్లు. దాన్ని మీ బిల్లులోని ఆఖరి స్లాబు ధరతో గుణించి సర్వీసు ఛార్జీ పక్కన పెట్టి చూడండి. కొందరికి సరిపోతుంది, చాలామందికి కాస్త తక్కువే పడుతుంది. పైగా ఆ ఆదాలో పెద్ద వాటా ఫిల్టర్‌దే, అది రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడితే వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. సర్వీసుకు డబ్బు పెట్టేది బిల్లు తగ్గడానికంటే, కాయిల్ మీద మంచు కట్టి కంప్రెసర్‌లోకి ద్రవం వెళ్లకుండా, నీళ్లు కారకుండా చూసుకోవడానికి.

పక్కన పెట్టాల్సింది రెండు రకాలు. ఏటా మూడు సర్వీసుల ఖర్చు, దాన్ని 12తో భాగించి నెలనెలా. రెండోది మార్పిడి నిధి. ఏసీ ఆయుష్షు పదేళ్లనుకుంటే పాత దానికి 48 నెలలు మిగిలాయి, కొత్త ఏసీ ధరలో నెలకు 2.1 శాతం చొప్పున దాయాలి. ఇన్వర్టర్‌కు 84 నెలలు, నెలకు 1.2 శాతం. ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకుండా వేరే పొదుపు ఖాతాలో వేయండి. రిపేర్లు కూడా ఈ నిధిలోంచే, ఒక హద్దు పెట్టుకుని. పాత దానికి ఏ రిపేరైనా కొత్త దాని ధరలో సగం దాటితే చేయించకండి, ఆ డబ్బు కొత్త దానికే కలపండి. పాత ఏసీ స్టిక్కర్ మీద ఆర్-22 అని ఉంటే మాత్రం సగం దాకా కూడా ఆగొద్దు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా వదిలించుకుంటున్న గ్యాస్ అది, దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. ఆర్-410ఏ, ఆర్-32 అయితే ఇప్పటికి అంత ఇబ్బంది లేదు.

ఇన్వర్టర్ వారంటీ కార్డు ఇవాళే ఒకసారి తీయండి. కంప్రెసర్‌కు చాలా ఏళ్లు ఇచ్చి, దాన్ని మార్చేటప్పుడు అయ్యే గ్యాస్‌కూ కూలికీ మాత్రం ఇవ్వని కార్డులు ఎక్కువ. అలా ఉంటే ఆ రెండింటి ఖర్చు ఎంతవుతుందో కంపెనీ సర్వీసు సెంటర్‌ను అడిగి, మీ నిధిలో కనీసం అంత మొత్తం ఎప్పుడూ ఉండేలా చూసుకోండి.