ముందు ఆ కణాలు ఎక్కడివో తేల్చుకో

చి. సింధుకు మామయ్య ఆశీస్సులు.

థైరాయిడ్ క్యాన్సర్ రిసెప్టర్ల మీద, అంటే కణాలకు సంకేతాలు అందించే ప్రోటీన్ల మీద, పీహెచ్‌డీకి చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది, వెంటనే ఒక భయమూ పట్టుకుంది. ఆ భయం గురించే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తా. మందు కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటనివ్వకు, మందు వేయని కంట్రోల్‌కూ అంతే కలుపు. రెట్ రిసెప్టర్ మీద ఫాస్ఫేట్ చేరిందో లేదో చూసే ఫాస్ఫో-రెట్ బ్లాట్‌లో మెంబ్రేన్ బ్లాక్ చేయడానికి పాలపొడి వద్దు, 5 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) వాడు. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్ ఉంటుంది. టీటీ అనే థైరాయిడ్ క్యాన్సర్ కణాలు రెట్టింపు కావడానికి మూడు రోజులకు పైనే పడుతుంది. 72 గంటలకే చూసి రెట్‌ని అణిచే మందు సెల్పర్కాటినిబ్ పనిచేయలేదని రాసేయకు, వారం ఆగు.

ఇక అసలు సంగతి. 2008లో 40 థైరాయిడ్ క్యాన్సర్ లైన్లకు (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాల వంశాలకు) డీఎన్‌ఏ ప్రొఫైల్ తీస్తే వాటిలో నిజంగా వేర్వేరువి 23 మాత్రమేనని తేలింది. అనాప్లాస్టిక్ అనే థైరాయిడ్ క్యాన్సర్ రకమని ఏళ్ళ తరబడి వాడిన ఏఆర్‌ఓ లైన్ నిజానికి హెచ్‌టీ-29, అంటే పెద్దపేగు క్యాన్సర్. పాపిల్లరీ అనే మరో థైరాయిడ్ రకం అనుకున్న ఎన్‌పీఏ లైన్ మెలనోమా, అంటే చర్మ క్యాన్సర్. రెండింట్లోనూ బీరాఫ్ జీన్‌లో వీ600ఈ అనే మ్యుటేషన్ ఉంది. పాపిల్లరీలోనూ అదే మామూలు కాబట్టి, ఆ జీన్ సీక్వెన్స్ చేసినా దొంగ దొరకడు.

మ్యుటేషన్ అదేగా మామయ్యా అంటావేమో. అక్కడే మునుగుతావు తల్లీ. వెమురాఫెనిబ్ అనే మందుతో బీరాఫ్‌ని అణిచితే పెద్దపేగు కణంలో ఈజీఎఫ్‌ఆర్ అనే రిసెప్టర్ తలెత్తుతుంది. థైరాయిడ్ కణంలో హెర్3 అనే మరో రిసెప్టర్ పెరిగి, దాన్ని రేపే న్యూరెగ్యులిన్ తోడై, మూసిన దారి మళ్ళీ తెరుచుకుంటుంది. మందూ ఒకటే, మ్యుటేషనూ ఒకటే, ఎదురుతిరిగే రిసెప్టర్ మాత్రం వేరు. ఫ్లాస్కు తప్పయితే థైరాయిడ్ రోగికి పేగు క్యాన్సర్ వైద్యం సూచించినట్టే.

ఇది జరగడానికి ఒక్క పిపెట్ చాలు. హెచ్‌టీ-29 ప్లేటు తాకిన పిపెట్ మీడియా (కణాలకు ఆహారమైన ద్రవం) సీసాలో ముంచావనుకో, అదే సీసా టీటీకీ పోశావనుకో. లక్ష టీటీ కణాల మధ్య పడ్డ ఒక్క కణం రోజుకోసారి రెట్టింపవుతూ పోతే, మూడున్నర రోజులకోసారి రెట్టింపయ్యే టీటీని 24 రోజుల్లో అందుకుంటుంది. నెల తిరిగేసరికి నీ ఫ్లాస్కు టీటీది కాదు. "హమ్మయ్య, కణాలు బాగా పెరుగుతున్నాయి" అని సంబరపడే రోజే అనుమానించాల్సిన రోజు.

కాబట్టి ఒక్కో లైన్‌కి ఒక్కో సీసా పెట్టుకో. కణాలతో పనిచేసే శుభ్రమైన గాలి హుడ్‌లో ఒకసారికి ఒకే లైన్. కణాలు చేతికి రాగానే మైకోప్లాస్మా (కణాల్లో దాగే సూక్ష్మజీవి), ఎస్‌టీఆర్ (కణాల డీఎన్‌ఏ వేలిముద్ర) పరీక్షలు చేయించి, సరిగ్గా ఉన్నాయని తేలిన వెంటనే పది వయల్స్ (చిన్న గొట్టాలు) ఫ్రీజ్ చెయ్యి. పది పాసేజ్‌లకోసారి (కణాలను కొత్త ఫ్లాస్కులోకి పదిసార్లు మార్చాక) మళ్ళీ ఎస్‌టీఆర్ చేయించు. ఆ లైన్ అసలు ప్రొఫైల్‌తో 80 శాతం కంటే తక్కువ కలిస్తే పారెయ్యి. మీ గైడ్ గారు ఇచ్చిన వయలైనా సరే, మొహమాటపడకు.

నైట్రోజన్ ట్యాంకులోంచి వయల్ తీసేటప్పుడు ఫేస్ షీల్డ్ లేదని తెలిస్తే ఊరుకోను. లోపలికి చేరిన నైట్రోజన్ వెచ్చబడగానే వయల్ పేలుతుంది. నీ కళ్ళ కన్నా ఏ కణాలూ ఎక్కువ కాదు.

మొదటి ఎస్‌టీఆర్ రిపోర్ట్ రాగానే ఫోటో పంపు. ఇద్దరం కూర్చుని ఒక్కో లోకస్ (డీఎన్‌ఏలో పోల్చే చోటు) సరిచూద్దాం.

మామయ్య