తెలుగు పుస్తకాలు సగమున్న ఇంటికి ఏ కేటలాగు మేలు?

మీ ఇంట్లో వెయ్యికి పైగా పుస్తకాలున్నాయి, సగం తెలుగువి, పుస్తకాల జాబితా పెట్టుకునే సైట్లయిన గుడ్‌రీడ్స్, లైబ్రరీథింగ్, లిబిబ్‌లలో దేన్ని ఎంచుకోవాలని అడిగారు. మూడూ వాడి చూశాను. మీ అవసరానికి లైబ్రరీథింగే మేలని నా అభిప్రాయం.

ఇంగ్లిషు పుస్తకాల వరకు ఏదైనా ఒకటే. ఫోనుతో బార్‌కోడ్ స్కాన్ చేస్తే వివరాలు వచ్చేస్తాయి. తేడా తెలిసేది తెలుగు అరకు వచ్చినప్పుడే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత కథల సంపుటి ఒకటి తెరవండి. లోపలి పేజీలో ప్రథమ ముద్రణ, ప్రతులు 1000, వెల, ముద్రాపకుల చిరునామా, కింద 'ప్రతులకు' అని నాలుగు దుకాణాల పేర్లు ఉంటాయి. ఐఎస్‌బీఎన్ (బార్‌కోడ్‌లో ఉండే, పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) మాత్రం ఉండదు. మన దగ్గర చిన్న ప్రచురణకర్తలు చాలామంది దాని జోలికే పోలేదు. అంటే స్కానరు ఎంత చురుకైనదైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది. చేత్తో టైపు చేయడం ఎక్కడ సులువన్నదే అసలు పరీక్ష.

లైబ్రరీథింగ్‌లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సహా ఎన్నో గ్రంథాలయాల కేటలాగుల్లో వెతకవచ్చు. పాత తెలుగు పుస్తకాలు కొన్ని అక్కడ దొరికి ఆశ్చర్యపరుస్తాయి. అయితే పేర్లు చుక్కలూ గీతలూ పెట్టిన రోమన్ లిపిలో వస్తాయి. మీ ప్రతి వరకు వాటిని తెలుగులోకి మార్చుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గుడ్‌రీడ్స్‌లో పుస్తక వివరాలు అందరికీ ఉమ్మడి. ఉన్నదాన్ని సవరించాలంటే లైబ్రేరియన్ హోదా (వివరాలు దిద్దే వాలంటీర్లకు ఆ సైటు ఇచ్చే అనుమతి) కావాలి. అది చదివినవాటి గురించి మాట్లాడుకునే చోటు, ఇంట్లో ఏ అరలో ఏముందో రాసుకోవడానికి పుట్టినది కాదు.

ఒక చికాకు చెప్పి తీరాలి. లైబ్రరీథింగ్ రచయితలను పేరులోని చివరి మాటతో వరుసపెడుతుంది. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, ఎక్కడెక్కడి రావులూ శాస్త్రులూ ఒకే వరుసలో చేరిపోతారు. ఇంటిపేరు, కామా, ఆ తర్వాత అసలు పేరు రాస్తే సరిపోతుంది. మొదటి పుస్తకం నుంచే ఈ పద్ధతి పాటించండి.

లిబిబ్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, 5000 వస్తువుల వరకు ఉచితం, సినిమాలూ పాటల డిస్కులూ కూడా చేర్చవచ్చు. ఇంగ్లిషు పుస్తకాలే ఎక్కువున్న ఇంటికి అదే చెప్పేవాణ్ణి. లైబ్రరీథింగ్‌లో ఒకప్పుడు 200 పుస్తకాలు దాటితే డబ్బు కట్టాల్సి వచ్చేది. 2020లో ఆ పరిమితి ఎత్తేశారు.

మీ పుస్తకాలు కొన్ని ఇప్పటికే గుడ్‌రీడ్స్‌లో ఉన్నాయన్నారు కదా, ఆ జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (పట్టికను మామూలు అక్షరాల్లో దాచే ఫైలు) దించుకుని లైబ్రరీథింగ్‌లోకి ఎక్కించండి. అవన్నీ మళ్లీ టైపు చేసే పని తప్పుతుంది.