మందు మోసే ముద్ద కరుగుతుందా, అరుగుతుందా?

సందేహం: నేను హైదరాబాదులో ఫార్మసీ చదువుతున్నాను. మోకాలి మృదులాస్థిని (కార్టిలేజ్) బాగుచేసే చికిత్స గురించి రోగుల కోసం ‘పునరుత్పత్తి వైద్యం’ అనే కరపత్రం రాస్తున్నాను. మందును నెమ్మదిగా విడుస్తూ తానూ మాయమయ్యే జెలటిన్ ముద్దను ‘సుస్థిర విడుదల జీవవిచ్ఛిన్న ఔషధ వాహకం’ అన్నాను. మా అత్తయ్యకు అర్థం కాలేదు. ‘కరిగిపోయేది’ అంటే మా అధ్యాపకులు తప్పన్నారు. ఏది సరి?

సమాధానం: రసాయన శాస్త్రం ప్రకారం మీ అధ్యాపకుల మాట నిజం. నీళ్లలో కరిగిన ఉప్పు ఉప్పుగానే ఉంటుంది. నీళ్లు ఇగిరిస్తే మళ్లీ చేతికొస్తుంది. జెలటిన్ అలా కాదు. అదొక ప్రొటీన్. ఒంట్లోని ఎంజైములు దాని పొడవాటి అణువుల గొలుసులను తెంచేస్తాయి. ఇదే పనికి వాడే పీఎల్‌జీఏ అనే కృత్రిమ పాలిమర్‌ను, అంటే అలాంటి గొలుసుల పదార్థాన్నే, నీరే తెంచుతుంది. అది లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. ఒంట్లో ఇలా తెగి విడిపోవడాన్ని పరీక్షలో ‘జీవవిచ్ఛిన్నం’ అనే రాయండి. అయితే ‘కరుగు’ అనే క్రియ రసాయన శాస్త్రానికి ముందునుంచీ మనది. మంచు కరుగుతుంది, కొవ్వు కరుగుతుంది, తాతల నాటి ఆస్తీ కరుగుతుంది. ఆపరేషన్ చేయించుకున్నవారు ‘కరిగిపోయే కుట్లు వేశారు’ అంటారు. ఆ దారాల్లో చాలావాటిది ఈ పాలిమర్ల కుటుంబమే. రోగికి ముందే తెలిసిన మాట ఉండగా కొత్తది ఎందుకు?

నిజానికి నాకు మొదట తోచింది ‘అరుగు’. అన్నం అరుగుతుంది, చెప్పులూ అరుగుతాయి. లోపల పచనం కావడం, కొద్దికొద్దిగా తరిగిపోవడం రెండూ ఆ ఒక్క క్రియలో ఉన్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన ‘జీర్ణం’ తీరూ అదే: తిన్నది జీర్ణమవుతుంది, శిథిలమైన గుడికి జీర్ణోద్ధరణ జరుగుతుంది. ఎంజైములు తెంచే పదార్థానికి ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట నాకు కనబడలేదు. కానీ మీ కరపత్రం మోకాళ్ల గురించి! ‘మోకాళ్లు అరిగిపోయాయి’ అంటూ వచ్చినవారికి లోపల పెట్టేదీ అరిగిపోతుందని చెబితే బెదిరిపోతారు. మనసొప్పకపోయినా ఇక్కడ దాన్ని వదులుకోవాలి.

‘సుస్థిర’ను మాత్రం తీసేయండి. సుస్థిర ప్రభుత్వం అంటే పడిపోకుండా నిలిచేది. ఇక్కడ మందు నిలవదు, చెలమలో నీరులా ఊరుతూ ఉంటుంది. ఇలాంటి చికిత్సలో మందుగా వాడే, కణాలను పెంచే ప్రొటీన్లను ఉత్త ద్రావణంగా ఎక్కిస్తే ఆ చోటు విడిచి త్వరగా చెదిరిపోతాయి. వాటిని పట్టి ఉంచి, కొంచెం కొంచెంగా వదలడమే జెలటిన్ పని.

‘పునరుత్పత్తి’ ఇంకా చిక్కు. బడి పుస్తకాల్లో అది సంతానోత్పత్తికి స్థిరపడిపోయింది. మీ శీర్షిక చూసినవారు సంతానం లేనివారి చికిత్స అనుకుంటారు. ‘కణజాల పునరుద్ధరణ వైద్యం’ అనండి.

వాక్యం ఇలా ఉండవచ్చు: ‘మోకాలిలో పెట్టే ఈ జెలటిన్ ముద్ద మందును కొన్నాళ్లపాటు కొద్దికొద్దిగా వదులుతూ తానూ కరిగిపోతుంది. దాన్ని బయటికి తీయడానికి మళ్లీ ఆపరేషన్ అక్కరలేదు.’ అచ్చుకు పంపే ముందు మీ అత్తయ్యగారికి చదివి వినిపించండి.