కాలీ లినక్స్ అనగానే లినక్స్ వాళ్ళు కొత్తవాళ్ళ మీద ఎందుకు కసురుకుంటారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విండోస్ తీసేసి ల్యాప్‌టాప్‌లో కాలీ లినక్స్ (సెక్యూరిటీ పరీక్షలకి వాడే టూల్స్‌తో వచ్చే లినక్స్ రకం) వేశారు. వైఫై రాలేదు. లినక్స్ వాళ్ళుండే చోట అడిగితే ఒకాయన "ముందు ఉబుంటు నేర్చుకో" అన్నాడు (అది కొత్తవాళ్ళకి తేలికైన లినక్స్ రకం), ఇంకొకాయన "స్క్రిప్ట్ కిడ్డీ" (ఇతరులు రాసిన టూల్స్‌ని అర్థం కాకుండానే వాడేసేవాడు) అన్నాడు, కాసేపటికి ప్రశ్నే మూసేశారు. అందరిదీ అని చెప్పుకునే లినక్స్‌లో కొత్తవాళ్ళని ఇలా ఎందుకు తరుముతారని మీ బాధ.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో లినక్స్ సర్వర్లు చూసుకుంటాను. ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువగా ఉండే ఒక తెలుగు టెలిగ్రామ్ గ్రూపులో అడ్మిన్‌ని కూడా. కాలీ ఇంకా రాని రోజుల్లో, దానికి ముందున్న బ్యాక్‌ట్రాక్ పట్టుకుని ఐఆర్‌సీ చాట్‌లో తిట్లు తిన్న బ్యాచ్ మాది. ఇప్పుడు తిట్టేవాళ్ళ పక్కన కూర్చుని చూస్తున్నాను. నాకు అర్థమైనంతలో వాళ్ళ విసుగుకి గట్టి కారణాలే ఉన్నాయి. కాకపోతే ఆ కారణాలు చెప్పే ఓపిక లేక ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అవతలివాడికి తిట్టు మాత్రమే మిగులుతుంది. అందుకని ఆ కారణాలేమిటో నేను చెప్తాను.

అన్నిటికంటే ముందు, కాలీ కొత్తవాళ్ళకి కాదు అన్న మాట ఫోరం పెద్దలు పుట్టించింది కాదు, కాలీ తయారుచేసేవాళ్ళదే. 2013 మార్చిలో ఆఫెన్సివ్ సెక్యూరిటీ సంస్థ దీన్ని విడుదల చేసింది. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో "నేను కాలీ వాడాలా" అన్న అర్థం వచ్చే పేజీ ఒకటి ఉంది. లినక్స్ తెలియనివాళ్ళకీ, మామూలు డెస్క్‌టాప్ కావాలనుకునేవాళ్ళకీ ఇది సరిపడదని అందులో సూటిగానే రాశారు. వంట రానివాడికి పెళ్ళివారి గాడిపొయ్యి అప్పగిస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. మీరు ప్రశ్న పెట్టగానే అవతలివాడి మనసులో వచ్చే మొదటి ఆలోచన, "ఆ పేజీ కూడా చదవకుండా వచ్చాడు" అని.

రెండో కారణం చాలామందికి తట్టదు. కాలీని డెబియన్ అనే లినక్స్ రకపు టెస్టింగ్ శాఖ మీద కట్టారు కాబట్టి డెబియన్ తెలిసినవాళ్ళకి కాలీ కూడా వచ్చేస్తుందని అనుకుంటాం. పూర్తిగా నిజం కాదు. డెబియన్‌లో అపాచీ వెబ్ సర్వర్‌నో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నో ఇన్‌స్టాల్ చేస్తే దానంతటదే మొదలవుతుంది, రీబూట్ చేసినా మళ్ళీ లేస్తుంది. కాలీలో నెట్‌వర్క్ సర్వీసుల్ని కావాలనే ఆపి ఉంచుతారు. పెన్ టెస్టింగ్‌కి, అంటే యజమాని అనుమతితో సిస్టమ్‌లోకి చొరబడి చూసే పరీక్షకి, వెళ్ళిన చోట ఆ మెషీన్ పోర్టులు తెరుచుకుని కూర్చోకూడదు కదా! మా గ్రూపులో మాటిమాటికీ వచ్చే ప్రశ్న ఒకటుంది: "నిన్న మెటాస్ప్లాయిట్ డేటాబేస్ కనెక్ట్ అయింది, ఇవాళ అవట్లేదు." మెటాస్ప్లాయిట్ అంటే కాలీలో ఉండే దాడి పరీక్షల టూల్, దాని డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఉంటుంది. చాలాసార్లు జరిగింది ఇంతే. రాత్రి మెషీన్ ఆపారు, పొద్దున పోస్ట్‌గ్రెస్ లేవలేదు. ఇరవయ్యేళ్ళు డెబియన్ వాడినాయనకి కూడా ఇది వెంటనే తట్టకపోవచ్చు. తనకి తెలియని చోట సాయం చేయమంటే, "తెలియదు" అనడం కంటే "కాలీ వాడొద్దు" అనడం ఆయనకి తేలిక. మనుషులు కదా.

దీనికి పాత వీడియోల గొడవ తోడైంది. 2020 మొదట్లో వచ్చిన 2020.1 వెర్షన్ దాకా కాలీలో నేరుగా రూట్ యూజర్‌గానే (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) పనిచేసేవాళ్ళు. పాస్‌వర్డ్ "టూర్", అంటే ఇంగ్లీషులో రూట్‌ని తిరగేసి రాయడం. ఆ తర్వాత మామూలు యూజర్ వచ్చాడు. రెడీమేడ్ వీఎం (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) ఇమేజ్‌లో యూజర్ పేరూ పాస్‌వర్డూ రెండూ "కాలీ"నే. కానీ యూట్యూబ్‌లో పాత పాఠాలు అలాగే ఉన్నాయి. ఆ వీడియో చూసి "రూట్, టూర్ కొట్టాను, లాగిన్ అవట్లేదు" అని వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అడిగేవాడికి ఇది జీవితంలో మొదటిసారి, చెప్పేవాడికి ఎన్నోసారో గుర్తు కూడా ఉండదు. ఆ విసుగంతా ఆరోజు అడిగినవాడి నెత్తిన పడుతుంది.

అసలు గొడవ మాత్రం అనుమానం దగ్గర ఉంది. మా గ్రూపులో జరిగింది చెప్తాను. సెకండియర్ కుర్రాడొకడు "అన్నా, కాలీలో వైఫై అడాప్టర్ చూపించట్లేదు, ఎయిర్‌క్రాక్ నడవట్లేదు, అర్జెంట్" అని పెట్టాడు. ఎయిర్‌క్రాక్ అంటే వైఫై పాస్‌వర్డ్ ఛేదించే టూల్. వెంటనే నవ్వు బొమ్మలు. "హ్యాకర్ గారు వేంచేశారు" అని ఒకడు. నేను, నెట్‌వర్క్ కార్డుల జాబితా చూపే "ఐపీ లింక్" అన్న కమాండ్ కొట్టి ఏం వచ్చిందో పంపమన్నాను. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపాడు. మధ్యలో ట్యూబ్‌లైట్ మెరుపు, ఆ మెరుపు పక్కన రెండు పేర్లు: ఎల్ఓ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునేది), ఈటీహెచ్0 (కేబుల్ నెట్‌వర్క్). వైర్‌లెస్ ఊసే లేదు.

అంటే అతను కాలీని వర్చువల్‌బాక్స్‌లో, అంటే విండోస్ లోపల వీఎంగా, నడుపుతున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై కార్డు విండోస్ చేతిలో ఉంటుంది. విండోస్ ఆ వైఫైతో నెట్ తెచ్చుకుంటుంది, లోపలున్న కాలీకి మాత్రం వర్చువల్‌బాక్స్ ఒక ఉత్తుత్తి ఈథర్‌నెట్ కార్డు చూపిస్తుంది. కాలీ దృష్టిలో ఆ మెషీన్‌కి వైఫై అనేదే లేదు, బ్రౌజర్ మాత్రం చక్కగా నడుస్తుంది. మానిటర్ మోడ్ (చుట్టూ తిరిగే వైఫై ప్యాకెట్లన్నీ వినడం, ఎయిర్‌క్రాక్‌కి అది ఉండాలి) కావాలంటే దాన్ని సపోర్ట్ చేసే యూఎస్‌బీ అడాప్టర్ కొని, దాన్ని వీఎంకి అప్పగించాలి. ఇదంతా రెండు మెసేజుల్లో చెప్పేశాను, అతనికి అర్థమైంది కూడా. ఏ అడాప్టర్ కొనాలని అడిగితే అథెరాస్ ఏఆర్9271 చిప్ ఉన్నది చూసుకోమన్నాను.

అప్పుడు గ్రూపులో ఒక సీనియర్ అడిగాడు, "ఇంతకీ ఎవరి వైఫై మీద ట్రై చేస్తావ్?"

"మా హాస్టల్‌దే అన్నా. వార్డెన్ పాస్‌వర్డ్ మార్చేశాడు."

దాచాలని కూడా అనుకోలేదు పాపం. తను ఉండే హాస్టలే కదా, అందులో తప్పేముందనుకున్నాడు. మన ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి దూరడం గురించే మాట్లాడుతుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫీజు కట్టి ఉంటున్నంత మాత్రాన హాస్టల్ రౌటర్ మనది అయిపోదు. ఇది చెప్పాక కుర్రాడు నిజంగానే భయపడ్డాడు. తర్వాత ఇంట్లో మూలపడ్డ పాత రౌటర్ తెచ్చుకుని దానిమీద ప్రాక్టీస్ చేశాడు.

ఇప్పుడు జవాబు చెప్పేవాడి వైపు నుంచి చూడండి. అతనికి మీ మొహం తెలియదు, మీరు అడిగేది ల్యాబ్ కోసమో వార్డెన్ కోసమో తెలియదు. ఇలాంటివి కొన్ని చూశాక తర్వాత వచ్చే ప్రతివాడిలోనూ ఆ హాస్టల్ కుర్రాడే కనపడతాడు. ఆ పని చెడ్డదైతే దారి చూపిన పాపం తనకీ అంటుతుందేమోనని జంకు. సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందని అడిగినవాణ్ణి ఎవరూ "ఎందుకోసం" అని అడగరు. కాలీ పేరు కనపడగానే ఆ ప్రశ్న దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

అలాగని తిట్టేవాళ్ళని నేను వెనకేసుకురావట్లేదు. "ఉబుంటు వాడు" అన్నది చాలా సందర్భాల్లో జవాబే కాదు. అమీర్‌పేటలో ఎథికల్ హ్యాకింగ్ కోర్సులు ఎన్ని నడుస్తున్నాయో చూడండి. చాలాచోట్ల మొదటి క్లాసులోనే కాలీ ఇమేజ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి చేతిలో పెడతారు. ఫైల్ పర్మిషన్లంటే ఏమిటి, ప్యాకేజీలు ఎక్కడినుంచి వస్తాయి అన్నవి ఎవరూ చెప్పరు. మూడో క్లాసుకల్లా ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ స్కానర్. అక్కడ చేరిన పిల్ల కాలీ వాడాలా వద్దా అన్నది తన చేతిలో లేదు, ల్యాబ్ షీట్ దాని మీదే రాశారు. ఇంటికెళ్ళాక ఎర్రర్ వస్తే అడగడానికి సార్ ఫోన్ ఎత్తడు. చివరికి ఆన్‌లైన్‌లో అడిగితే అక్కడ మరో చీవాట్లు. ఇందులో తన తప్పేముంది?

ఇంకో సంగతి. అనుభవజ్ఞులమని అనుకునేవాళ్ళే ఒక్కోసారి తప్పులో కాలేస్తారు. 2025 ఏప్రిల్‌లో కాలీ వాళ్ళ దగ్గర ప్యాకేజీలు అసలైనవేనని తెలిపేలా వాటికి డిజిటల్ సంతకం చేసే పాత కీ వాళ్ళకే అందుబాటులో లేకుండా పోయింది. కొత్త కీ తయారుచేసి, అందరూ దాన్ని విడిగా దింపుకోవాలని ప్రకటించారు. అప్పటికే కాలీ ఉన్నవాళ్ళకి ప్యాకేజీల జాబితా తాజా చేసే ఆప్ట్ అప్‌డేట్ కమాండ్ కొడితే కీ లేదన్న ఎర్రర్. ఆ వారం కొత్తవాళ్ళు అడుగుతుంటే మా గ్రూపులోనే ఇద్దరు పెద్దమనుషులు "సోర్సెస్ లిస్ట్ కెలికి ఉంటావ్, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకో" అని దబాయించారు. సోర్సెస్ లిస్ట్ అంటే ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో రాసి ఉండే ఫైల్. పిల్లలు ఏమీ కెలకలేదు. కెలికేవాళ్ళు ఉన్నారు, నిజమే. ఉబుంటు కోసం విడిగా నడిపే ప్యాకేజీ నిల్వలు (పీపీఏలు) తెచ్చి కాలీలో తగిలించి, తర్వాత ఏదీ ఇన్‌స్టాల్ కాక లబోదిబోమనేవాళ్ళని వారానికొకర్ని చూస్తుంటాం. కానీ ఆసారి అది కాదు. ప్రకటన చదివి ఉంటే ఒక్క లైన్లో పోయే పని.

మీ ప్రశ్న మూసేశారన్న దానికి మాత్రం అంత బాధపడనక్కర్లేదు. ఆస్క్ ఉబుంటు సైట్ పరిధి ఉబుంటు, దాని అధికారిక రకాలు మాత్రమే. ఆర్చ్ లినక్స్ ఫోరంలో ఆర్చ్ తప్ప ఇంకోటి మాట్లాడనివ్వరు. అక్కడ కాలీ అనే కాదు, లినక్స్ మింట్ గురించి అడిగినా మూసేస్తారు. యూనిక్స్ అండ్ లినక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కాలీ ప్రశ్నలు తీసుకుంటారు. కాలీకి సొంత ఫోరం, డిస్కార్డ్ ఉన్నాయి. మొదట అక్కడికి వెళ్ళండి.

అడిగే తీరు మారితే జవాబు ఎంత మారుతుందో నేను రోజూ చూస్తున్నాను. "కాలీలో వైఫై రావట్లేదు, హెల్ప్" అంటే పైన చెప్పిన అనుమానాలన్నీ ఒకేసారి లేస్తాయి. దాన్నే ఇలా రాయండి: "కాలీ 2025.2, ల్యాప్‌టాప్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేశాను, వీఎం కాదు. కేబుల్ పెడితే నెట్ వస్తోంది, వైఫై లిస్ట్ ఖాళీ. కార్డు వివరాల అవుట్‌పుట్ కింద పెట్టాను. కోర్సులో కాలీయే వాడమన్నారు, ప్రాక్టీస్ నా సొంత రౌటర్ మీద." ఇందులో బతిమాలడం లేదు, అర్జెంట్ లేదు. వీఎం కాదన్న ఒక్క ముక్కతో సగం మంది అనుమానం తీరుతుంది. చివరి వాక్యంతో మిగతా అనుమానం పోతుంది. "ఎందుకోసం" అన్నది వాళ్ళు అడగకముందే మీరే చెప్పేయడం మంచిది. కొందరికి ఇది చేతులు కట్టుకుని సంజాయిషీ ఇచ్చుకున్నట్టు అనిపిస్తుంది. నాకైతే అలా అనిపించదు, ముక్కూమొహం తెలియనివాడు తన ఆదివారం సాయంత్రం మనకోసం ఖర్చుపెడుతున్నాడు.

ఇక మీ ల్యాప్‌టాప్ సంగతి. రోజువారీ పనికి కాలీ ఒక్కటే ఉంచుకోవడం నాకు నచ్చదు. ఎప్పటికప్పుడు కొత్త ప్యాకేజీలు వస్తూనే ఉంటాయి, వాటితోపాటు తలనొప్పులూ వస్తాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే లైబ్రరీలో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడినప్పుడు, 26 నుంచి 29 మధ్య అప్‌డేట్ చేసుకున్న కాలీ మెషీన్లలోకి ఆ పాడు వెర్షన్ వచ్చేసింది. కింద మింట్‌నో డెబియన్ స్టేబుల్‌నో వేసుకుని, కాలీని వీఎంలో పెట్టుకుంటే ఏదైనా చెడినప్పుడు పాత స్నాప్‌షాట్‌కి (అంతకుముందు దాచుకున్న స్థితికి) వెళ్ళిపోవచ్చు. ఎంత కెలికినా భయం లేదు. వైఫై ప్రాక్టీస్ వరకు యూఎస్‌బీ అడాప్టర్ కావాలి, అంతే.

ఇప్పటికిప్పుడు వైఫై కావాలంటే ముందు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని మైనస్ ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న చోట చూడండి. దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న లైన్ లేకపోతే డ్రైవరే ఎక్కలేదు. బ్రాడ్‌కామ్ కంపెనీ కార్డు అయితే అదే అయ్యుండొచ్చు, దానికి విడిగా ప్యాకేజీ, కెర్నెల్ హెడర్లు కావాలి. లైన్ ఉండి కూడా వైఫై రాకపోతే డీమెసేజ్ (dmesg, కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) అవుట్‌పుట్‌లో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకండి. రెండిటి అవుట్‌పుట్ కాపీ చేసి కింద కామెంట్లో పెట్టండి, మీ కార్డుకి ఏ ప్యాకేజీ కావాలో చూసి చెప్తాను.