పెళ్లికి ముందు భర్త చేసిన అప్పులకు భార్య సంతకం పెట్టాలా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. పెళ్లయి ఎనిమిది నెలలైంది. మా వారిది ప్రైవేటు ఉద్యోగం. చేతికి ఆయనకు 58,000, నాకు 55,000 రూపాయలు వస్తాయి. చెల్లెలి పెళ్లికి, మామగారి గుండె ఆపరేషన్‌కు ఆయన చేసిన అప్పులు ఇంకా ఉన్నాయని ఈమధ్యే తెలిసింది. పాడుకున్న చీటీకి నెలకు 10,000 చొప్పున 20 వాయిదాలు కట్టాలి. క్రెడిట్ కార్డు మీద 1,40,000 బాకీ ఉంది. ఊళ్లో బంధువు దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షల ప్రామిసరీ నోటు ఉంది. అది రాసి 32 నెలలైనా వడ్డీ కట్టలేదు. గడువు దగ్గర పడుతోందని, నోటు తిరగరాసి అందులో నన్నూ సంతకం పెట్టమంటున్నారు. చీటీకి ష్యూరిటీ ఇచ్చిన ఉద్యోగి రిటైరయ్యారు కాబట్టి ఆ స్థానంలోనూ నేనే పెట్టాలట. కార్డు బాకీ కోసం మా బడికి కూడా ఫోన్ చేశారు. నగలు అమ్మేద్దామని మా వారు అంటున్నారు. నా పేరున 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఈ అప్పులకు చట్టప్రకారం నాకు బాధ్యత ఉందా? రెండేళ్లలో ఇల్లు కొనాలన్న మా ఆలోచనకు ఇవి అడ్డొస్తాయా?

జవాబు: అమ్మా, ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. ఈ రోజుకు ఈ మూడు అప్పుల్లో ఒక్క రూపాయికీ చట్టప్రకారం మీరు బాధ్యులు కారు. మెడలో తాళి పడినంత మాత్రాన భర్త పాత బాకీలు భార్యకు బదిలీ కావు. అప్పు తీసుకున్నవారు, వారితో కలిసి తీసుకున్నవారు, హామీ ఉన్నవారు మాత్రమే చెల్లించాలి. రేపు మీ వారు కట్టలేకపోయినా మీ జీతం, డిపాజిట్, నగల జోలికి ఎవరూ రాలేరు.

ఈ రక్షణ అంతా మీరు సంతకం పెట్టనంత కాలమే ఉంటుంది. అందుకే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అప్పుల మొత్తం కాదు, మీ ముందుకు వచ్చిన ఆ రెండు కాగితాలు. భర్తకు డబ్బుతో సాయం చేయండి, అందులో తప్పు లేదు. కానీ సంతకంతో సాయం చేయకండి. డబ్బు ఇస్తే ఎంత ఇచ్చారో అంతటితో సరి. సంతకం పెడితే దాని ధర ఎంతో అవతలివారు వసూలుకు వచ్చిన రోజున గాని తెలియదు.

నోటు సంగతి వివరంగా చూద్దాం. మన ఊళ్లలో ఇది ఎన్ని కాపురాలను పట్టి పీడిస్తోందో చూస్తూనే ఉన్నాను. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. 32 నెలలకు 1,92,000 అయింది. ఇప్పుడు తిరగరాస్తే కొత్త నోటులో అసలు 4,92,000 అని పడుతుంది. మరునాటి నుంచి నెల వడ్డీ 9,840 అవుతుంది. చేతికి ఒక్క రూపాయి కొత్తగా రాకుండానే వడ్డీ మీద వడ్డీ మొదలవుతుందన్న మాట. అందులో మీరూ సంతకం పెడితే సగానికే బాధ్యులని అనుకోకండి. కలిసి రాసిచ్చిన వారిలో ఎవరి దగ్గరైనా మొత్తం బాకీ వసూలు చేసుకునే హక్కు అప్పిచ్చిన వారికి ఉంటుంది. ఇద్దరిలో ప్రభుత్వ జీతం ఉన్నది మీకే కాబట్టి ముందు ఎవరి మీద దావా వేస్తారో మీరే ఊహించుకోవచ్చు.

అలాగని ఆ బంధువును తప్పుపట్టలేం. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే కోర్టులో దావా చెల్లదు. ఇంకా నాలుగు నెలలే ఉంది, తన డబ్బు ఏమవుతుందోనని ఆయనకు ఆందోళన. దానికి తిరగరాయడం ఒక్కటే మార్గం కాదు. గడువు లోపల మీ వారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక తేదీతో సహా చెల్లు రాసి సంతకం పెడితే, కాలపరిమితి చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. ఆయన హక్కు నిలుస్తుంది, అసలు 3 లక్షల దగ్గరే ఉంటుంది, మీ సంతకంతో పని ఉండదు. ఆ బంధువుతో మీరు వాదనకు దిగాల్సిన అవసరం లేదు. ఈ మాట మీ వారే వెళ్లి చెప్పాలి. సొమ్ము బ్యాంకు ద్వారానే పంపాలి. అప్పు ఇచ్చేటప్పుడు ఆ బంధువు ఖాళీ చెక్కు ఏదైనా తీసుకున్నారేమో కూడా మీ వారిని అడగండి. మీ చెక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఇక చీటీ ష్యూరిటీ. చిట్‌ఫండ్ కంపెనీలకు ప్రభుత్వ ఉద్యోగి సంతకం అంటే ఎందుకంత ఇష్టమో మీ తోటి ఉపాధ్యాయులను అడిగితే చెబుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారుడి బాధ్యత అసలు బాకీదారుడి బాధ్యతతో సమానం. ముందు ఆయన్ను అడిగి, ఆయన కట్టకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. వాయిదాలు ఆగితే వివాదం చిట్స్ రిజిస్ట్రార్ ముందుకు వెళ్తుంది. అక్కడ కంపెనీకి అనుకూలంగా తీర్పు వస్తే మీ జీతం జప్తు దాకా రావచ్చు. మీ వారి పేరున ఎల్ఐసీ పాలసీ ఉంటే దాన్ని కంపెనీకి హామీగా పెట్టవచ్చేమో ముందు అడగండి. లేదా ఆయన అన్నదమ్ములో, ఆయన కార్యాలయంలో బాగా తెలిసినవారో ముందుకు రావాలి. ఏ దారీ దొరక్కపోతే, రెండు కాగితాల్లో ప్రమాదం తక్కువున్నది ఇదే. ఎందుకంటే ఇది నెలనెలా పదివేలు తగ్గుతూ 20 నెలల్లో ముగిసిపోతుంది. అప్పుడు కూడా హామీ ఈ ఒక్క చీటీకే, మిగిలిన 2 లక్షలకే పరిమితమని పత్రంలో రాయించుకుని, ప్రతి పేజీ చదివి పెట్టండి.

నగలు అమ్మవద్దు. పుట్టింటివారు పెట్టినవైనా, అత్తింటివారు ఇచ్చినవైనా స్త్రీధనం మీ సొంతం. భర్తకు దాని మీద హక్కు లేదని, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన నైతిక బాధ్యత ఆయనకు ఉందని 2024లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. చట్టాన్ని పక్కనపెట్టినా లెక్క కుదరదు. అమ్మితే తరుగు, మజూరీ పోతాయి. మళ్లీ కొనేటప్పుడు అవే ఇంకోసారి కట్టాలి. బ్యాంకులో తాకట్టు పెట్టి, తక్కువ వడ్డీకి డబ్బు తెచ్చి రెండు రూపాయల వడ్డీ బాకీ తీర్చడం లెక్క ప్రకారం లాభమే. అయినా ఇప్పుడే వద్దంటాను. ఎనిమిది నెలలు మీకు తెలియని అప్పులు ఇప్పుడు బయటపడ్డాయి. ఇంకేమీ లేవని తేలాలి కదా. మీ వారి సిబిల్ నివేదిక, అంటే ఆయన రుణాల చరిత్ర, తెప్పించి ఇద్దరూ కలిసి చూడండి. ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తారు. యాప్‌లలో చేసిన అప్పులుంటే అందులో చాలావరకు కనిపిస్తాయి. ప్రామిసరీ నోట్లు, చేబదుళ్లు కనిపించవు. వాటిని ఆయనే తన చేత్తో కాగితం మీద రాసివ్వాలి. ఆయన దాచింది సిగ్గుతోనే కావచ్చు. చెల్లెలి కోసం, తండ్రి ప్రాణం కోసం చేసిన అప్పులకు తలదించుకోవాల్సిన పనిలేదని మీరే ఆయనకు చెప్పండి, నిజం సులువుగా బయటికి వస్తుంది.

మరి సాయం ఎలా చేయాలి? నా సలహా ఇది. మీ డిపాజిట్‌లోంచి 1,40,000 తీసి క్రెడిట్ కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. నెలకు మూడున్నర శాతం చొప్పున ఆ బాకీ మీద 4,900 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 882 పడుతున్నాయి. ఆయన నెలకు 7,000 కనీస చెల్లింపు కడుతున్నా అసలులో తగ్గేది 1,218 రూపాయలే. ఇంత మండుతున్న బాకీ పక్కన పెట్టుకుని మీ డబ్బును ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో ఉంచడం ఇంటికి నష్టం. గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు కోసే కొద్దిపాటి వడ్డీ ఈ లెక్కలో లెక్కలోకే రాదు. అయితే సొమ్ము ఆయన చేతికి ఇవ్వకుండా మీ ఖాతా నుంచి నేరుగా కార్డు ఖాతాకు పంపండి. మీ చేత్తో ఎంత ఇచ్చారో రికార్డు ఉంటుంది. భార్యాభర్తల మధ్య ఇలా ఇచ్చిన సొమ్ము మీద ఆదాయపు పన్ను పడదు. బాకీ లేదని లేఖ తీసుకుని, ఆ కార్డును మూయించేయండి. ఈ ఒక్క షరతు మీద గట్టిగా నిలబడండి.

మిగిలిన 1,60,000 కదల్చకండి. అది ఇంటి అత్యవసర నిధి.

ఆపైన అద్దె, సరుకులు, కరెంటు, గ్యాసు అన్నీ మీ జీతంలోంచి నడపండి. 33,000 దాకా అవుతుందనుకున్నా మీకు 22,000 మిగులుతాయి. ఆయన జీతంలో చీటీకి 10,000, తల్లిదండ్రులకు 8,000, సొంత ఖర్చుకు 6,000 పోగా ఉన్న 34,000 ప్రతి నెలా నోటుకే కట్టాలి. ముందు పేరుకున్న వడ్డీ, తర్వాత అసలు తీరుతూ సుమారు 17 నెలల్లో నోటు విడిపోతుంది. ఊరి పెద్దమనుషుల ముందు అడిగితే రూపాయిన్నర వడ్డీకి ఒప్పుకునే బంధువులూ ఉంటారు. నెలనెలా కడతామంటే అడిగే మాటకు బలం ఉంటుంది. ఆఖరి రోజున నోటు తప్పకుండా వెనక్కి తీసుకోండి. డబ్బు ముట్టాక కూడా కాగితం అవతలి ఇంట్లో ఉండిపోకూడదు.

బడికి ఫోన్లు రావడం గురించి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత బాకీదారుడికి ఫోన్ చేయకూడదు. అతని కుటుంబాన్ని, స్నేహితులను వేధించకూడదు. అప్పుతో సంబంధం లేని మిమ్మల్ని పనిచేసే చోట బెదిరించడం ముమ్మాటికీ తప్పు. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, నంబరు రాసిపెట్టుకుని ముందు ఆ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

ఇంకో పని ఉంది, దీన్ని వాయిదా వేయకండి. మీ వారు తన పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోవాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే, ఆయనకు జరగరానిది జరిగినా ఆ సొమ్ము మీకే చెందుతుంది, అప్పులవాళ్లు దాన్ని తాకలేరు. దరఖాస్తు నింపేటప్పుడే ఆ ఫారం ఇవ్వాలి, తర్వాత చేర్చడం కుదరదు. అలాంటి పరిస్థితిలో కూడా ఆయన బాకీలు ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే తీర్చాల్సి ఉంటుంది, మీ సొంత సంపాదన నుంచి కాదు.

విదేశాల్లో ఉన్న పాఠకులకు ఒక మాట. ఇవన్నీ మన దేశంలో మీలాంటి దంపతులకు వర్తించే సంగతులు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పెళ్లికి ముందటి అప్పుకైనా దంపతుల ఉమ్మడి ఆస్తి బాధ్యత వహించాల్సి రావచ్చు. అక్కడున్నవారు స్థానిక న్యాయవాదిని అడగాలి.

చివరగా మీ ఇంటి ఆలోచన. సిబిల్ స్కోరు ఎవరిది వారిదే, పెళ్లితో కలిసిపోదు. ఆయన బాకీ మీ స్కోరును తగ్గించదు. ఇద్దరూ కలిసి గృహ రుణానికి వెళ్తే మాత్రం బ్యాంకు ఇద్దరి స్కోర్లూ చూస్తుంది. అందుకని ఆఖరి చీటీ వాయిదా కట్టాకే దరఖాస్తు పెట్టుకోండి. అప్పుడు రుణ పత్రాల మీద మీ సంతకం తప్పదు, పెట్టండి. రిజిస్టర్ అయ్యే దస్తావేజులో కొనుగోలుదారుగా మీ పేరు కూడా ఉందో లేదో ముందు చూసుకుని పెట్టండి.